ఆకుపచ్చ మనిషి

హారం లేదు.

వెల్వెట్ ట్రేలో అది ఉండాల్సిన చోటు మాత్రం ఖాళీగా ఉంది.

మిర్యాలగూడలో కృష్ణమూర్తి నగల షోరూం. స్టోర్ రూం తలుపు చెక్కు చెదరలేదు. తాళం విరగలేదు. తాళంచెవి ఉండేది ఒక్కరి దగ్గరే. నాగరాణి. ఉద్యోగంలో చేరి రెండు నెలలు. ఇంట్లో పాలు తాగే పాప.

ఎస్సై సరిత వచ్చేసరికి నాగరాణి నేల మీద కూర్చుని ఉంది.

"నేనే తీసిన మేడం."

సరిత ఇంకా ఏమీ అడగనే లేదు.

"హారమేది?"

"తెల్వదు."

"తీసినోళ్ళకు ఎక్కడ వెట్టిన్రో తెల్వదా?"

నాగరాణి తల వంచుకుంది.

"సూసిన్రా మేడం!" ఓనర్ కృష్ణమూర్తి ఖాళీ ట్రే ముందుకు చాపాడు. "దినాం సార్, సార్ అనుకుంట తిరిగేది. ఇంట్ల మనిషోలె సూసుకున్నం. ఇంత పని జేస్తదా?"

పక్కన నందిని నిలబడి ఉంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడు బ్రాంచీలకూ మనుషుల్ని ఎంపిక చేసే హెచ్.ఆర్. ఆమే. నాగరాణితో కోదాడ బడిలో ఒకే బెంచీ. పదో తరగతిలో నాగరాణి చదువు ఆగిపోయింది. నందిని ఎంబీఏ దాకా వెళ్ళింది.

"నేనే తెచ్చి పెట్టాను మేడం," అంది నందిని కళ్ళు తుడుచుకుంటూ. "ఇలా చేస్తుందని కల్లో కూడా అనుకోలేదు."

సరిత సీసీ కెమెరా వీడియో పెట్టించింది.

వీడియోలో టైం ఆ రోజు మధ్యాహ్నం పన్నెండున్నర దాటింది. స్టోర్ రూంలోంచి ఒక ఆడమనిషి బయటికి వచ్చింది. పైనుంచి తీసిన వీడియో. మెరూన్ చీర, ముడి, భుజాలు. షోరూంలో ఆడవాళ్ళందరిదీ అదే చీర, అదే ముడి, నందినితో సహా. ఆమె మూడు ట్రేలు దొంతర పెట్టుకుంది. గుండెలకు గట్టిగా అదుముకుని, పైదాన్ని గడ్డంతో ఆపుకుంటూ నడిచింది. ముఖం కనపడలేదు.

"ఇంకేం గావాలె మేడం?" అన్నాడు కానిస్టేబుల్ జైరాం. "తాళంచెవి ఆమెదే. ఒప్పుకున్నది గూడ. కేసు ఖతం."

సరిత వీడియో మళ్ళీ చూసింది. ఆ ట్రేలు పట్టుకున్న తీరు దగ్గర ఆపింది.

"ఖతం కాలే జైరాం. స్టేషన్‌కు తీస్కరా."

* * *

స్టేషన్‌లో నాగరాణి కొంగు నిండా కప్పుకుని కూర్చుంది. అయినా జాకెట్ ముందు భాగం తడిసినట్టు సరితకు కనబడింది.

"పాపకు పాలిచ్చి ఎంతసేపయింది?"

"పగటేల నుంచి ఇయ్యలే మేడం."

సరిత మంచినీళ్ళ బాటిళ్ళ పెట్టె ఎత్తి ఇచ్చింది. "జర ఇది ఆ బల్ల మీద పెట్టు."

నాగరాణి దాన్ని గుండెలకు తగలనీయకుండా తీసుకుంది. చంకకు ఎత్తుకుని, పక్కకు ఒరిగి నడిచింది. ముఖం నొప్పితో ముడుచుకుపోయింది.

పాపను తీసుకురమ్మని సరిత నాగరాణి ఊరు వేములపల్లికి జీపు పంపింది.

అత్త రాధమ్మ పాపతో దిగుతూనే మొదలుపెట్టింది. "మా కోడలు దొంగనా? ఏ నోటితోటి అన్నరమ్మా? దినాం పగటేల షోరూం ఎనక గల్లీల, టైలర్ దుకాణం కాడికి నేను పిల్లను..."

"అత్తమ్మా, చెప్పకు!"

"ఎందుకు చెప్పొద్దే? పిల్లకు పాలిచ్చుడు గూడ దొంగతనమేనా?"

నాగరాణి గోడ వైపు తిరిగి పాపను ఒడిలోకి తీసుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

టైలర్ భార్య చెప్పింది కూడా అదే. ఆ రోజు పన్నెండున్నరకు నాగరాణి ఆమె దుకాణంలో, పరదా వెనక పాపతో ఉంది.

"మరి తాళంచెవి ఎవరి చేతికిచ్చినవ్?" సరిత అడిగింది.

నాగరాణి పాపను ఇంకా దగ్గరికి పొదువుకుంది.

"జైలుకు వోతే పిల్ల ఏమైతదో తెలుసా?"

కళ్ళ నీళ్ళు పాప నెత్తి మీద పడ్డాయి. అయినా పేరు రాలేదు.

ఇంత గట్టిగా ఎవరిని కాపాడుతోంది? ఇలాంటి మనిషి చేతికి తాళంచెవి ఎవరిచ్చారు? సరిత కృష్ణమూర్తికి ఫోన్ చేసింది.

"మా దగ్గర వట్టి ఇంటర్వ్యూ కాదు మేడం. బిహేవియర్ టెస్ట్!" ఆయన గొంతులో గర్వం. "ఫోన్ల ప్రశ్నలు వస్తయి. మనిషిది ఏం స్వభావమో రంగుతోటి చెప్తది. అంతా నందినే సూసుకుంటది."

"ఆ రిపోర్టులన్నీ నాకు గావాలె."

ఆ రిపోర్టుల్లో ఒక పేరు దగ్గర ఆగి, కోదాడ బ్రాంచిలో మానేసిన పాత ఉద్యోగిని సుకన్యకు సరిత ఫోన్ చేసింది. జైరాంను కోదాడ పంపింది.

* * *

మర్నాడు ఉదయం షోరూంలో నలుగురు కూర్చున్నారు. కృష్ణమూర్తి, ఫ్లోర్ మేనేజర్ రాహుల్, నందిని, పాపను ఎత్తుకున్న నాగరాణి.

"వీడియోల ఉన్నది నాగరాణి కాదు," అంది సరిత.

రాహుల్ ముందుకు వంగాడు. "ముఖమే కనపడ్తలేదు గద మేడం. మీకెట్ల తెలుసు?"

"ట్రేలు రొమ్ముకు అదుముకుని నడిచింది. పిల్లకు పాలిచ్చే టైం అది. అప్పటికి పాలు గడ్డకట్టి రాయి లెక్క ఉంటది. చీర కొంగు తగిలినా ప్రాణం పోతది. బాలింత ఎవరూ బరువు అట్ల మోయరు. కాన్పు సెలవు అయిపోయి నేను మళ్ళ డ్యూటీల చేరి రెండు నెలలే అయింది. నా బిడ్డ గూడ పాలు తాగుతది."

సరిత నందిని వైపు తిరిగింది.

"ఇగ టెస్ట్ సంగతి. నందినీ, స్టోర్ తాళంచెవి ఏ రంగోళ్ళకు ఇయ్యాలె?"

"నీలం, మేడం. ప్రతిదీ సరిచూసుకునే వాళ్ళకి."

"మరి నాగరాణిది?"

నందిని తడబడింది. "ఆకుపచ్చ."

"అంటే?"

"ఎదురు చెప్పరు. నమ్మినవాళ్ళ మాట దాటరు."

"ఇంతకుముందు కోదాడల బంగారు గాజులు పోయినప్పుడు తాళంచెవి ఉన్న సుకన్యదీ ఆకుపచ్చే. నింద మోసుకుని నోరు మూసుకుని పోయింది. మూడు బ్రాంచీలల్ల తాళంచెవులు వట్టిన మిగిలినోళ్ళంత నీలం. ఈ ఇద్దరే ఆకుపచ్చ. పిల్లకు పాలిచ్చి రాపో, తాళంచెవి నేను వట్టుకుంట అని నాగరాణికి చెప్పినవ్. సుకన్యకు ఇంకేదో సాకు."

కృష్ణమూర్తి లేచి నిలబడ్డాడు. "అంటే టెస్ట్ మోసం జేసిందా మేడం?"

"టెస్ట్ నిజమే చెప్పింది. దాన్ని చదివినామె మోసం జేసింది. మీరు నమ్మకమైనోళ్ళ కోసం టెస్ట్ వెట్టిన్రు. ఈమె నింద మోసేటోళ్ళ కోసం వెతికింది."

జైరాం లోపలికి వచ్చాడు. చేతిలో సీలు వేసిన సంచి. కోదాడలో ఒక కుదువ వ్యాపారి దగ్గర దొరికిన హారం. ఫోటో చూపించగానే అతను నందినిని గుర్తుపట్టాడు.

నందిని సంచి వైపు చూడలేదు. నాగరాణి వైపు తిరిగింది.

"రాణీ, తాళంచెవి నాకు ఇవ్వలేదని చెప్పవే. నువ్వు చెప్తే చాలు. నీకు ఉద్యోగం ఇప్పించింది ఎవరే? నిన్న కూడా చెప్పాను కదా, నువ్వు ఒప్పుకుంటే సార్‌తో మాట్లాడి కేసు లేకుండా చేస్తానని."

"పోలీసులను పిలిపించింది ఎవరు?" సరిత కృష్ణమూర్తిని అడిగింది.

"నందినే మేడం. ఆగొద్దన్నది."

నాగరాణి తల ఎత్తింది. పాప ఆమె మెడలోని నల్లపూసలు లాగుతోంది. ఆ చేతిని మెల్లగా విడిపించింది.

"టెస్ట్‌ల ఒక ప్రశ్న ఉండె," అంది. "నీకు మేలు జేసిన దోస్తు తప్పు జేస్తే చెప్తవా అని. నాకు ఎవ్వరు యాదికొస్తరు నందినీ? నిన్నే తలుసుకున్న. చెప్పనని నొక్కిన."

నందిని చూపు నేల మీదికి వాలింది.

"అది సూసేనా నన్ను తీసుకున్నవ్?"



నాగరాణి పాపను ఇంకో భుజం మీదికి మార్చుకుంది. సరిత ఎదురుగా కుర్చీ లాక్కుని, ఎవరూ చెప్పకుండానే కూర్చుంది.

"రాసుకోండి మేడం. మొదటి దినం నుంచి చెప్త."