ఒక అంగుళం ఎక్కువ

"ఈ కోటు ఒకళ్లకేనా? ఇద్దరు కలిసి తొడుక్కుంటారా?"

కొత్తగా పనిలో చేరినవాడు మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న కాదు. అయినా అతను అడిగేశాడు. అడిగింది కూడా ఎవరినో కాదు, ఆ కోటు గుడ్డ కత్తిరించిన అమ్మాయినే.

కటింగ్ బల్ల దగ్గర నుంచి ఆమె తల ఎత్తింది. మెడలో టేపు, చేతిలో సుద్దబిళ్ల.

"కొలత ప్రకారమే కత్తిరించాను."

"ఎవరి కొలత? ఆ తలుపుదా?"

"ఎక్కువైతే లోపలికి మడిచి కుట్టండి. కుట్టడం వచ్చు కదా?"

"వచ్చు. కానీ ఇంత మడిస్తే కోటు లోపల ఇంకో కోటు తయారవుతుంది."

కిటికీ దగ్గర కూర్చున్న మాస్టారు దగ్గు వచ్చినట్టు నటించి నవ్వు దాచుకున్నారు. ఆ టైలరింగ్ షాపు ఆయనది. ఆ అమ్మాయి ఆయన మేనకోడలు.

"అలవాటు చేసుకో అబ్బాయ్. మా షాపులో దాని పేరే అంగుళం" అన్నారు.

పేరు ఊరికే రాలేదు. పని నేర్చుకునే రోజుల్లో ఆమె ఒక పెళ్లికొడుకు కోటుకి రెండు చేతులూ ఎడమవే కత్తిరించింది. రెండో చెయ్యి గీసేటప్పుడు నమూనా తిరగేయడం మరిచిపోయింది, అంతే. మిగిలిన గుడ్డ లేదు. అలాంటిది మళ్లీ ఏ దుకాణంలోనూ దొరకలేదు. ఆ పెళ్లికొడుకు ఒక్క మాటా అనకుండా పాత కోటుతోనే పెళ్లి చేసుకున్నాడు. తిట్టినా బాగుండేది అనిపించింది ఆమెకి.

అప్పటినుంచి ఏది కత్తిరించినా చుట్టూ అంగుళం ఎక్కువ వదిలేది. పైగా సుద్దతో గీసిన గీతలు మావయ్య చూసి "ఊఁ, కానీ" అంటే తప్ప కత్తెర ముట్టేది కాదు. మావయ్య ఈమధ్య కత్తెర పట్టడం మానేసి, వచ్చినవాళ్లతో కబుర్లు చెబుతూ కూర్చుంటున్నారు. అయినా మేనకోడలు పిలిస్తే చాలు, కిటికీలోంచి బస్సులు చూసేటప్పుడు పెట్టుకునే కళ్లజోడు తగిలించుకుని, బల్ల మీదికి వంగి, ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూసి మరీ "ఊఁ" అనేవారు.

పోట్లాటతో మొదలైనవాళ్లు వానలు పడేసరికి 'మీరు' లోంచి 'నువ్వు' లోకి దిగారు. మిషను ముందు కూర్చున్నవాడి చూపు సూది మీద ఉండాలి. అతని చూపు మాత్రం కటింగ్ బల్ల దాకా షికారు వెళ్లి తీరిగ్గా వచ్చేది. ఒకరోజు సూది వేలిలోకి దిగనే దిగింది.

"చూసి కుట్టలేవా?" అంది ఆమె ప్లాస్టర్ అంటిస్తూ.

"చూస్తూనే ఉన్నాను. అదే గొడవ" అన్నాడు.

ప్లాస్టర్ కాస్త గట్టిగా బిగిసింది.

సరిగ్గా అప్పుడే ఫోన్ వచ్చింది. చేసింది ఒక నాటకాల కంపెనీలో దుస్తుల పని చూసే మేడం. ఆమె తమ నటుల కోసం ఈ షాపులో కొన్ని కోట్లు కుట్టించింది.

"మీ కోటు వేసుకుని మావాడు స్టేజి మీద చెయ్యి ఎంత పైకెత్తినా భుజం లేవట్లేదు, చంక పట్టట్లేదు. ఎవరు కత్తిరించారంటే మీ మావయ్య నిన్నే చూపించారు. మా కటింగ్ మాస్టర్ రిటైర్ అవుతున్నారమ్మా. ఆయన స్థానంలోకి నువ్వు రావాలి. శనివారం సాయంత్రానికి చెప్పు."

ఆమెకి సంతోషం కంటే ముందు చెమట పట్టింది. వెళ్లాలని ఉంది. రాజులకీ, సైనికులకీ, దొంగలకీ కోట్లు కత్తిరించాలని ఉంది. కానీ అక్కడ గీతలు చూసి "ఊఁ" అనడానికి మావయ్య ఉండరు. తనదే ఆఖరి మాట. నాటకం తెర లేచే వేళకి రాజుగారి రెండు చేతులూ ఎడమవే అయితే?

మధ్యాహ్నం టీ తాగుతూ అతన్ని అడిగింది. "వెళ్లనా?"

వెళ్తే అతని ఎదురుగా ఆ బల్ల ఖాళీ. వెళ్లొద్దంటే శుద్ధ స్వార్థం. అటూ ఇటూ ఆలోచించి, మనిషి అనగలిగిన మాటల్లో అన్నిటికంటే పనికిమాలిన మాట ఏరుకున్నాడు.

"నీ ఇష్టం."

"అంతేనా?"

"నేనేం చెప్తాను? నీ ఇష్టం."

ఆమె టీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడుకి మాస్టారు ఉలిక్కిపడ్డారు. 'నీకు చేతకాదని నేనెందుకు చెప్పాలి' అన్నట్టు వినిపించింది ఆమెకి. ఆ పూట నుంచి మళ్లీ 'మీరు' మొదలైంది. "మీరు అడిగిన కాలర్లు అక్కడ పెట్టాను." "మీ మిషను చప్పుడు కాస్త తగ్గించండి." ఆమె మీరు అన్నప్పుడల్లా అతని మొహం వాడిపోయేది.

శనివారం పొద్దుటి నుంచీ వాన. పడితే పడాలి, లేకపోతే మానాలి. అలా కాకుండా ఎవరో గుర్తు చేసినప్పుడల్లా ఒక జల్లు కొట్టి ఊరుకుంటోంది. మాస్టారు పని మీద బయటికెళ్లారు. అతను తడిసిన చొక్కాతో, తడవని పొట్లంతో లోపలికొచ్చాడు.

"కోటు కత్తిరించాలి."

"ఎవరికి?"

"నాకు."

పొట్లం విప్పి బల్ల మీద పరిచింది. బూడిదరంగు గుడ్డ, చేతికి మెత్తగా తగిలింది. టేపు పెట్టి చూసేసరికి ఆమె మొహం మారింది.

"కోటుకి బొటాబొటీగా వస్తుంది. అంగుళం వదిలే వీల్లేదు."

"తెలుసు. చూసే కొన్నాను."

"మావయ్యని కత్తిరించమనండి."

"నువ్వే కత్తిరించాలి."

"పాడైతే?"

"పాడైన కోటే వేసుకు తిరుగుతాను. రెండు చేతులూ ఎడమవైతే కుడి చెయ్యి ఇంట్లో పెట్టి వస్తాను."

నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకుంది. కోపం ఇంకా కొంచెం మిగిలి ఉంది మరి.

"నిలబడండి. కొలతలు తీసుకుంటాను."

భుజం అయింది. చెయ్యి అయింది. ఛాతీ చుట్టూ టేపు తిప్పి ముందుకు తెచ్చి పట్టుకుంది.

"ఊపిరి బిగబట్టకండి. కొలత తప్పుతుంది."

"నేను బిగబట్టలేదు. దానంతట అదే ఆగిపోయింది."

టేపు ఆమె చేతిలోంచి జారి కింద పడింది. తీయడానికి ఇద్దరూ వంగలేదు.

"మరి ఆ రోజు నీ ఇష్టం అన్నావేం?" 'మీరు' ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు.

"వెళ్లమంటే వెళ్లిపోతావని భయం. వద్దంటే నిజంగానే ఆగిపోతావేమోనని ఇంకా భయం."

"నాకు చేతకాదనుకున్నావనుకున్నాను."

"చేతకాదనుకుంటే ఇంత మంచి గుడ్డ తెచ్చి నీ కత్తెర కింద పెడతానా?"

ఆమె టేపు తీసుకుని ఛాతీ మళ్లీ కొలిచింది. అవసరం ఉండే కొలిచింది.

గీతలు గీయడం పూర్తయ్యేసరికి మాస్టారు గొడుగు దులుపుకుంటూ వచ్చారు.

"మావయ్యా, ఒకసారి చూడు."

ఆయన అలవాటుగా జేబులోంచి కళ్లజోడు తీశారు. బల్లని చూశారు, అతన్ని చూశారు, తిరిగి జేబులో పెట్టేసుకున్నారు.

"చూడను."

"ఏం?"

"చూసినా కనబడదే. ఇది దూరం చూసే జోడు. దగ్గరివి చూసేది విరిగి ఏడాదవుతోంది. చేయించుకోవడానికి బద్ధకం."

"మరి ఏడాదిగా నా గీతలన్నీ ఎవరు చూశారు?"

"నువ్వే చూశావ్."

"ఊఁ, కానీ అన్నావుగా!"

"నీ మొహం చూసి అన్నాను. గీత ఎక్కడైనా తేడాగా ఉంటే నాకంటే ముందు నీకే తెలుస్తుంది. గోరు కొరుకుతూ నిలబడతావ్. అప్పుడల్లా ఇంకోసారి చూసుకో అన్నానా లేదా?"

"ఇది మోసం మావయ్యా!"

"మోసమే. అయితే ఆ మోసంతో కుట్టిన కోట్లే ఆ మేడం చూసింది. షాపు సంగతి నాకొదిలెయ్. కొత్త జోడు చేయించుకుని నేనే కత్తెర పడతాను. నువ్వున్నావని కూర్చుని కూర్చుని పొట్ట పెంచాను."

ఆమె తన చేతివేళ్లు చూసుకుంది. గోళ్లన్నీ బాగానే ఉన్నాయి. కత్తెర అందుకుంది. గుడ్డ తెగుతున్న చప్పుడు తప్ప షాపులో ఇంకేమీ వినబడలేదు. ఆఖర్న రెండు చేతుల ముక్కలూ పక్కపక్కన పెట్టింది. ఒకటి ఎడమ, ఒకటి కుడి.

అక్కడే నిలబడి ఫోన్ చేసింది. "మేడం, భయంగానే ఉంది. అయినా వస్తాను."

అతను అప్పటికే మిషను ముందు కూర్చున్నాడు. ఆమె వెళ్లిపోతుందన్న దిగులు, వెళ్తున్నందుకు సంతోషం, రెండూ కలిసే వచ్చాయి. ముక్కలు జత చేస్తూ, ఒకచోట ఆగిపోయాడు.

"ఇదేమిటి? రెండు పక్కలా గుడ్డ ఎక్కువుంది?"

"ఉంటుంది. ఒక్కో అంగుళం."

"వీల్లేదన్నావుగా?"

"చేతుల ముక్కల్లో ఒకటి తలకిందులుగా పరిచి, మధ్యలో కాలరు ఇరికించాను. కాస్త మిగిలింది."

"మళ్లీ భయమేనా?"

"ఇది భయంతో వదిలింది కాదు." ఆమె సుద్ద మరకలు తుడుస్తున్నట్టు బల్ల వైపు తిరిగింది. "పెళ్లయ్యాక మగాళ్లు లావెక్కుతారు. అప్పుడు విప్పి వదులు చేసుకోవచ్చు."

మిషను ఆగిపోయింది. బయట జల్లు కూడా ఆగింది. కిటికీ దగ్గర మాస్టారు బస్సుల కేసి తిరిగి కళ్లజోడు పెట్టుకున్నారు.

"అబ్బాయ్, నాకు దగ్గరివి కనబడవు గానీ చక్కగా వినబడతాయి. దానికి జవాబు చెప్పు."

అతను గొంతు సవరించుకున్నాడు. "ఆ అంగుళం చాలుతుందంటావా?"

"చాలకపోతే ఇంకో కోటు కత్తిరిస్తాను" అంది ఆమె. "కటింగ్ మాస్టర్ని కదా."