స్తూపం వైపు తిరిగిన కుర్చీలు

అమరవీరుల స్తూపం ఉన్న ఆ మైదానానికి పగలు మంచి పేరే. పిల్లలు బంతి ఆడతారు, పెన్షనర్లు బీపీ తగ్గించుకోవడానికి నడుస్తారు. చీకటి పడిందా... ఇక అటువైపు ఎవరూ కన్నెత్తి చూడరు. అవతలి వీధికి మైదానంలోంచి అడ్డంగా వెళితే నాలుగు నిమిషాలు, చుట్టూ తిరిగితే పద్దెనిమిది. రాత్రిపూట ఎంత తొందరపనైనా జనం ఆ పద్దెనిమిది నిమిషాలే నడుస్తారు.

ఎందుకంటే, అక్కడ రాత్రి హాజరు తీసుకుంటారట.

ఎవరో ఒక పేరు పిలుస్తారట. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత సన్నగా — ‘ఉన్నాను’ అని వినిపిస్తుందట. మళ్లీ ఇంకో పేరు... మళ్లీ ‘ఉన్నాను’. పాలవాడు ఒకడు విన్నాడు. రెండో ఆట సినిమా చూసి వస్తున్న మొగుడూ పెళ్లాలు విన్నారు. ఆ దెబ్బకి వాళ్లు ఏడాది పొడుగునా మొదటి ఆటలకే వెళ్లారు. స్తూపం మీద అరవై మూడు పేర్లున్నాయి. పిలిచేది ఆ పేర్లనేననీ, పలికేది వాళ్లేననీ ఊరంతా చెప్పుకునేది.

దాన్ని మించింది కుర్చీల సంగతి.

ఏటా అమరవీరుల దినానికి ముందురోజు సాయంత్రం మైదానంలో కుర్చీలు వేస్తారు. తెల్లారేసరికి వాటిలో కొన్ని వెనక్కి తిరిగి ఉంటాయి. స్టేజి వైపు కాదు... స్తూపం వైపు.

కిందటేడు అలా పద్దెనిమిది తిరిగాయి. ఏర్పాట్లు చూసిన గుమాస్తాకి వారం తిరక్కుండా ఉద్యోగం ఊడింది. ఈ ఏడు ఆ పని టేపు మెడకి చుట్టుకుంది.

జేబులో ఎప్పుడూ కొలత టేపు పెట్టుకు తిరుగుతాడు కనక అతన్ని ఆఫీసులో అందరూ టేపు అనేవారు. తాత్కాలిక గుమాస్తాగా చేరి నాలుగేళ్ల ఏడు నెలలు. అతన్ని పర్మనెంటు చేసే కాగితం పెద్దసారు టేబుల్ మీదే ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. రేపు కుర్చీ కుర్చీలా ఉంటే సంతకం పడుతుంది, లేకపోతే కిందటేటి గుమాస్తా దారే నీ దారి అని పెద్దసారు అతని భుజం మీద చెయ్యేసి ఎంతో ఆప్యాయంగా చెప్పారు.

అమరులని గౌరవించడంలో ఆ ఆఫీసుకి వంక పెట్టడానికి లేదు. ఒకప్పుడు స్టేజి స్తూపం పక్కనే ఉండేది. ఒక ఏడు పొద్దుటెండ సూటిగా కొట్టి, ముఖ్య అతిథి ప్రతి ఫోటోలోనూ చింతకాయ కొరికినట్టు పడ్డారు. మరుసటేటి నుంచి స్టేజిని మైదానం అవతలి కొసకి మార్చారు. జనం స్టేజి వైపు చూడాలి కదా. కాబట్టి అమరులకి నివాళి ఇవ్వడానికి వచ్చినవాళ్లంతా అమరులకి వీపు పెట్టి కూర్చునేవారు. ఇందులో తేడా ఉందని ఎవరికీ తోచలేదు.

టేపుకి కూడా తోచలేదు. పన్నెండు వరసలు, వరసకి ఇరవై, మొత్తం రెండొందల నలభై కుర్చీలు, వరసకీ వరసకీ మధ్య ఎనభై అయిదు సెంటీమీటర్లు. అతనికి అదే లోకం. చివరి వరస అమరుల కుటుంబాలకని మొదట రాసుకున్నాడు. ఆఖర్న కెమెరాలవాళ్లు అడిగేసరికి ఆ వరస వాళ్లకి పోయింది. ‘స్థలాభావం వల్ల ఈసారి కూడా తాము కంచె అవతలి నుంచి తిలకించగలరు’ అని కుటుంబాలకి ఉత్తరం టైపు చేసింది అతనే. ‘గౌరవపూర్వకంగా’ అన్న మాట రెండుసార్లు వేశాడు.

ముందురోజు సాయంత్రం పెద్దసారు మైదానంలో నిలబడి, దెయ్యాలూ లేవు భూతాలూ లేవు, అదంతా చదువు లేనివాళ్ల భ్రమ అని పనివాళ్లకి పావుగంట ఉపన్యాసమిచ్చారు. అప్పుడు టైము నాలుగు. అయిదున్నరకి ఆయన వెళ్లిపోయారు. పనివాళ్లు ఆయనకంటే ముందే వెళ్లారు. గేటు కాపలా కాసే తాత తాళం వేసుకుని తన గదిలో దూరాడు.

మిగిలింది టేపు. ఉండాల్సింది తెల్లవార్లూ.

మైకు సామాను పెట్టే గదిలో స్పీకరు పెట్టె మీద కూర్చున్నాడు. పది అయింది... పన్నెండు అయింది... ఏమీ లేదు. రెండింటికి ఓసారి బయటికెళ్లి వరసలు చూసుకొచ్చాడు. ఒక్కటీ కదల్లేదు. తన భయానికి తనే నవ్వుకున్నాడు. కాస్త కన్నంటుకుంది.

కర్‌ర్‌ర్...

కంకర మీద ప్లాస్టిక్ కాలు ఈడ్చిన చప్పుడు.

టేపు కళ్లు తెరిచాడు. వాచీలో మూడుకి పది నిమిషాలు తక్కువ. మళ్లీ... కర్‌ర్‌ర్. భయమేసినప్పుడు కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు. టేపు లెక్కపెట్టుకున్నాడు. మూడు... నాలుగు... తొమ్మిది... పదిహేడు దగ్గర చప్పుడు ఆగిపోయింది.

కిటికీ రెక్క వేలెడు తెరిచి చూశాడు.

స్తూపానికి దగ్గరగా ఉన్న చివరి వరసలో పదిహేడు కుర్చీలు తిరిగి ఉన్నాయి. వాటిలో — మనుషులు. వీపులు మాత్రమే కనిపిస్తున్నాయి. కదలరు, మాట్లాడరు, దగ్గరు. బతికున్న మనుషులు పదిహేడుమంది ఒకచోట కూర్చుని అంతసేపు దగ్గకుండా ఉండటం టేపు ఏ మీటింగులోనూ చూడలేదు.

అప్పుడు ఆ చీకట్లో ఎవరో ఒక పేరు పిలిచారు.

కాసేపు నిశ్శబ్దం.

“ఉన్నాను.”

ఇంకో పేరు... “ఉన్నాను.” ఇంకొకటి... “ఉన్నాను.” తలుపు తీసి గేటు దాకా పరిగెత్తాలంటే నూట పది అడుగులు. ఆ నూట పదీ వాళ్ల పక్క నుంచే. గదిలో ఉండిపోదామంటే తెల్లారి కిందటేటి పద్దెనిమిది బదులు పదిహేడు కుర్చీలు తిరిగున్నాయని పెద్దసారుకి చెప్పుకోవాలి. చావు భయానికీ ఉద్యోగం భయానికీ మధ్య తూకం వేసుకుంటే ఉద్యోగమే బరువుగా తేలింది. ఎలాగైనా ఆ కుర్చీలు సర్దాలని తలుపు తీశాడు.

పది అడుగులు... ఇరవై... వాళ్ల పక్కకి వచ్చి, కాళ్లు ఇక కదలమని మొండికేస్తే అక్కడే నిలబడిపోయాడు.

చివరి కుర్చీలోని తల మెల్లగా ఇటు తిరిగింది.

“కూర్చో బాబూ,” అంది గుసగుసగా. “అడ్డంగా నిలబడితే పేర్లు చదివేవాళ్లకి కనపడదు.”

తలకి మఫ్లర్ చుట్టుకున్న ముసలావిడ. ఒళ్లో చేతిసంచీ, కాళ్లకి కాన్వాసు బూట్లు. దెయ్యాలు బూట్ల లేసులు ముడేసుకోవని ఎలా తోచిందో కానీ, అది తోచాకే టేపుకి ఊపిరి ఆడింది. పక్క కుర్చీ తిప్పుకుని కూలబడ్డాడు.

మిగతాదంతా ఆవిడ చెవిలో చెప్పింది. వాళ్లు అమరుల కుటుంబాలవాళ్లు. అయిదింటికి బందోబస్తు వచ్చాక పాసు లేనివాళ్లని లోపలికి రానివ్వరు. పాసులు వాళ్లకి తొమ్మిదేళ్లుగా రాలేదు. అందుకని కాపలా తాత గేటు తీస్తే మూడింటికి వచ్చి, పేర్లు చదువుకుని, రెండు నిమిషాలు మౌనంగా కూర్చుని పోతారు. తేదీ అదే, సర్కారు కంటే అయిదు గంటలు ముందు, అంతే తేడా. దగ్గు మందు అందరూ వేసుకునే వస్తారు. ఈ రాత్రే కాదు, మనసు పుట్టినప్పుడల్లా వస్తారు. దెయ్యాల పుకారు పుట్టించింది కూడా తామేననీ, లేకపోతే రాత్రయితే ఇక్కడ సీసాలు పట్టుకుని చేరేవాళ్లతో కూర్చునే చోటు కూడా ఉండదనీ సిగ్గుపడుతూ ఒప్పుకుంది. వెళ్లేముందు కుర్చీలు మళ్లీ తిప్పేస్తారట, చీకట్లో కొన్ని మిగిలిపోతాయట; కిందటేడు మాత్రం బందోబస్తు వాన్ గంటన్నర ముందే రావడంతో ఒక్కటీ తిప్పకుండా పారిపోయారట.

“ఆ గుమాస్తా మాట పడలేదు కదా?” అని అడిగింది. టేపు లేదన్నాడు.

స్తూపం మీద ఆవిడ తమ్ముడి పేరుంది. “వాడికి ఇప్పటికీ ఇరవయ్యే. నాకు డెబ్బై ఒకటొచ్చాయి. ఎదురుపడితే నన్ను మామ్మగారూ అంటాడేమో వెధవ.”

నవ్వు మింగుకుని మళ్లీ ముందుకి తిరిగింది. ఉత్తరాల సంగతి ఆవిడ ఎత్తలేదు. టేపు కూడా ఎత్తలేదు.

హాజరు సాగింది. అరవై మూడు పేర్లకి పదిహేడుమంది, ఒక్కొక్కరు ముగ్గురికీ నలుగురికీ పలుకుతున్నారు. ఉన్నట్టుండి ఒక పేరు దగ్గర ఆగిపోయింది. పిలిచారు... జవాబు లేదు. మళ్లీ పిలిచారు. ముసలావిడ టేపు చెవి దగ్గరికి వంగింది. కిందటి నెల ఒకావిడ పోయిందట, ఆవిడ పలికే మూడు పేర్లకి ఇప్పుడు మనిషి లేదట.

“నీకు అభ్యంతరం లేకపోతే...”

మూడోసారి పిలిచినప్పుడు టేపు గొంతు సవరించుకున్నాడు.

“ఉన్నాను.”

మూడుసార్లు పలికాడు.

మూడున్నరకి అందరూ లేచి, మోకాళ్లు పట్టుకుంటూ కుర్చీలు మళ్లీ స్టేజి వైపు తిప్పబోయారు. తను చూసుకుంటానని టేపు వాళ్లని ఆపాడు. ముసలావిడ అడిగితే ఫోన్ నంబరు రాసిచ్చాడు, ఆవిడదీ రాసుకున్నాడు. వచ్చినంత చప్పుడు లేకుండా వెళ్లిపోయారు.

ఒక్కడే మిగిలాడు. తన కుర్చీతో కలిపి తిప్పాల్సినవి పద్దెనిమిది. కుర్చీకి పది సెకన్ల చొప్పున సరిగ్గా మూడు నిమిషాలు. తర్వాత సుఖంగా నిద్రపోవచ్చు. పొద్దున్న సంతకం.

టేపు మొదటి కుర్చీ మీద చెయ్యి వేశాడు... తియ్యలేదు, తిప్పలేదు. అలాగే నిలబడి రెండో లెక్క కట్టాడు. మిగతావి రెండొందల ఇరవై రెండు. కుర్చీకి పది సెకన్లు. ముప్పై ఏడు నిమిషాలు.

నిజానికి యాభై రెండు పట్టింది. వరసల మధ్య ఎనభై అయిదు సెంటీమీటర్లు టేపు పెట్టి కొలవకుండా ఉండలేకపోయాడు.

ఆరింటికి వచ్చిన పెద్దసారు కారు దిగి రెండడుగులు వేసి ఆగిపోయారు. రెండొందల నలభై కుర్చీలు, ఒక్కటి మిగలకుండా, స్టేజికి వీపు పెట్టి స్తూపం వైపు చూస్తున్నాయి.

“ఎవరు?” అన్నారు. గుసగుసగా వచ్చింది మాట.

రాత్రంతా మేలుకునే ఉన్నాననీ, మనిషన్నవాడు గడప తొక్కలేదనీ టేపు చెప్పాడు. రాత్రి మూడింటికి హాజరు మాత్రం వినపడిందన్నాడు. ఆ ముక్క అబద్ధం కాదు కనక బాగా పండింది.

పనివాళ్లని పిలిచి తిప్పమంటే అందరూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. చదువు లేనివాళ్ల భ్రమలు అంటూ పెద్దసారు తనే ముందుకెళ్లి ఒక కుర్చీ వీపు పట్టుకున్నారు. అప్పుడే పొద్దు పొడిచి స్తూపం మీద అక్షరాలు తేలాయి. తొమ్మిదేళ్లుగా ఏర్పాట్లు చేయిస్తూ ఆయన ఎన్నడూ చదవని పేర్లు, వరసగా అరవై మూడు... కాలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. టైము లేదు, ఉండనీ అన్నారు.

అలా ఆ ఏడు ముఖ్య అతిథి తన కోసం కట్టిన స్టేజి ఎక్కలేదు. ఎక్కితే కనపడేవి జనం తలల వెనక భాగాలు. స్తూపం దగ్గరికి నడిచారు. అక్కడ మైకు లేదు. నలభై నిమిషాల ఉపన్యాసం జేబులోనే ఉండిపోయి, రెండు నిమిషాల మౌనం మాత్రం మిగిలింది. అంత మంచి సభ ఆ ఊళ్లో అంతకుముందు జరగలేదు. కంచె అవతల నిలబడ్డ ముసలివాళ్లెవరని అతిథి అడిగితే, ప్రజలండీ అన్నారు పెద్దసారు.

కుర్చీల ఆలోచన ఎవరిదని అడిగితే మాత్రం పెద్దసారు వినయంగా తల దించుకున్నారు. సాయంత్రానికి టేపు కాగితం మీద సంతకం పడింది. పర్మనెంటు అయింది. మూడొందల కిలోమీటర్ల అవతలి ఊరికి బదిలీ కూడా అయింది. కొత్త ఊరు వెళ్లాక ముసలావిడకి ఒకసారి ఫోన్ చేశాడు. తర్వాత పనిలో పడి మళ్లీ చేయలేదు.

మరుసటేటికి పాత ఆఫీసులో ఉత్తర్వు తయారైంది. కుర్చీలు నిబంధన ప్రకారం స్టేజి వైపే వేయాలి. రాత్రి పదింటి నుంచి పొద్దున్న అయిదింటి దాకా గేటు కాపలా తప్ప సిబ్బంది ఎవరూ మైదానంలో ఉండరాదు. ‘మిగతాది ఆనవాయితీ ప్రకారం జరిగిపోవును.’ కింద పెద్దసారు సంతకం. పాత స్నేహితుడు పంపిన ఆ కాపీ చదివి టేపు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. తిప్పేవాడు ఇక్కడుంటే ఆనవాయితీ ఎలా జరుగుతుందని.

అమరవీరుల దినం నాడు తెల్లవారుజామున నాలుగింటికి అతని ఫోన్ మోగింది. ముసలావిడ.

ఏమైనా అడ్డంకి వచ్చిందేమో, లోపలికి రానివ్వలేదేమో అని కంగారుగా ఎత్తాడు. ఆవిడ గొంతులో నిష్ఠూరం వినిపించింది. అంత దూరం నుంచి వచ్చినవాడివి పలకరించకుండా వెళ్లిపోతావా అంది. తాము మూడింటికి లోపలికి వచ్చేసరికే కుర్చీలన్నీ స్తూపం వైపు తిప్పేసి ఉన్నాయంది. వరసలు గీత గీసినట్టున్నాయి, చూడగానే నీ పనే అనుకున్నాం అంది.

టేపు పక్క మీద లేచి కూర్చున్నాడు. కాపలా తాత ఏమన్నాడని అడిగాడు. తాళం తమకోసం తప్ప రాత్రంతా తియ్యలేదని తాత ఒట్టేస్తున్నాడని, నువ్వు గోడ దూకి ఉంటావని తామంతా నవ్వుకున్నామని చెప్పింది.

“అన్నీ మంచుకి తడిసి ముద్దయిపోయాయి,” అంది. “మా కోసం ముందు వరసలో పదిహేను మాత్రం పొడిగా తుడిచిపెట్టావు చూడు, అందరికీ కళ్లనీళ్లు తిరిగాయి.”

టేపు మంచం దిగి దీపం వేసుకున్నాడు.

“కానీ బాబూ... ఇద్దరు ఈ వారంలోనే పోయారు. నీకు చెప్పనే లేదు. మేము పదిహేనుమందిమే వస్తామని నీకెవరు చెప్పారు?”