కాటా గదిలో గురువారం రాత్రి

2023 డిసెంబరు ఏడో తారీఖు, గురువారం. రాత్రి పదకొండూ ఇరవై. తుఫాను దాటిపోయి రెండు రోజులైనా పిడుగురాళ్ల మీద ముసురు వదల్లేదు.

ఆ వేళకి మా తోటికోడలి కొడుకు శశికాంత్, సున్నం బట్టీల అవతల లారీల కాటా దగ్గర బండి ఆపాడు. చీకటి పడ్డాక మనిషన్నవాడు ఆగే చోటు కాదది.

సున్నం లారీ వచ్చి ఇనుప పలక మీద నిలబడితే, పక్క గదిలో కంప్యూటరు బరువు చూపించి స్లిప్పు ఇస్తుంది. ఆ గదిలో పదేళ్లు కూర్చున్నవాడు ఏసయ్య. జూన్ నెలలో ఒక రాత్రి, డ్యూటీలో ఉన్నవాడు ఉన్నట్టే మాయమైపోయాడు. అప్పట్నుంచి రాత్రిపూట డ్రైవర్లు అటు తూకానికి రారు. పలక మీద బండి ఆపితే కేబిన్ తలుపు ఎవరో తడతారంటారు... దిగి చూస్తే ఎవరూ ఉండరంటారు. షావుకారు శ్రీనివాసరావు కూడా ఆరింటికల్లా తాళం వేయించేస్తాడు.

కొందరు దెయ్యమన్నారు. ఇంకొందరు — ఏసయ్య కృష్ణ దాటి, అవతల ఎవరితోనో కాపురం పెట్టాడన్నారు.

ఆ రెండో మాటే ఆయన భార్య మరియమ్మని ఎక్కువ కాల్చింది.

శశికాంత్‌ది నరసరావుపేటలో కంప్యూటర్లు బాగుచేసే షాపు. ఆ రోజు మధ్యాహ్నమే వచ్చి కాటా కంప్యూటరులో వైరస్ తీశాడు. అన్నాళ్లూ ఆ వైరస్ పాత ఫోల్డర్లన్నిటినీ కనపడకుండా దాచేసిందట. అది పోగానే ఒక్కొక్కటే బయటపడ్డాయి. వాటిల్లో జూన్ నెలది ఒకటి.

పలక మీద బరువు ఊగి, మళ్లీ నిలబడ్డప్పుడల్లా బయటి కెమెరా తనంతట తనే ఫోటో తీస్తుంది. దాని మీద టైమూ, బరువూ పడతాయి. పోలీసులొచ్చి వెతికిననాడు ఆ ఫోల్డరే కనపడలేదు.

గది ఊడుస్తున్న మరియమ్మ చీపురు పట్టుకుని వెనకొచ్చి నిలబడింది. “నాయనా... ఆ రాత్రిది ఒక్కసారి చూపిస్తావా?”

“పని కానీయ్ పిన్నీ, చూపిస్తా,” అన్నాడు.

కంప్యూటరు ఆపి, పెట్టె నిండా పేరుకున్న సున్నం దుమ్ముని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచాడు. మళ్లీ మీట నొక్కితే... లేవలేదు. సాయంత్రం దాకా కుస్తీ పట్టాడు. లేవలేదు.

“వైరస్ పోయిందన్నావ్. దానెంటే కంప్యూటరూ పోయింది కదయ్యా,” అన్నాడు షావుకారు. “ఇంక చాల్లే. కొత్తది పొద్దున్నే వస్తంది. దీన్ని తుక్కులో ఏసేస్తా.”

డిస్కు విప్పి తెచ్చుకున్నా లాభం లేదు. కాటా సాఫ్ట్‌వేరుకి తాళం ఉంది, ఆ ఫోటోలు ఆ కంప్యూటరులో తప్ప ఇంకెక్కడా తెరుచుకోవు. ఉన్నది ఆ ఒక్క రాత్రే.

అందుకే వచ్చాడు. ఊడ్చే పని ఆమెదే కాబట్టి గది తాళం మరియమ్మ దగ్గరుంది. చూరు కింద తడుస్తూ నిలబడి ఉంది.

“నీకు భయం లేదా పిన్నీ?”

“దేనికి నాయనా? దెయ్యమైనా నా మొగుడే గదా.” తడిసిన కొంగు పిండుకుంటూ అంది — “బతికుంటే తిట్టుకుంటా. లేకపోతే ఏడ్చుకుంటా. రెండూ లేకుండా ఆర్నెల్లు... ఎట్టా ఉండేది చెప్పు?”

లోపల చెమ్మ వాసన. లైటు వేస్తే రోడ్డు మీదికి కనపడుతుందని, ఆమె ఫోను టార్చి పట్టుకుంది. శశికాంత్ కరెంటు తీగ పెట్టి గోడ స్విచ్ వేశాడు. పెట్టె మీద చెయ్యి ఇంకా వెయ్యలేదు —

గుర్ర్... మని పెట్టె లోపల ఫ్యాను తిరిగింది.

నాలుగు ఊపిర్లు. ఆగిపోయింది.

“నొక్కావా?”

“లేదు పిన్నీ...”

మళ్లీ లేచింది. మళ్లీ నాలుగు ఊపిర్లే... ఆగిపోయింది. నిద్రలో ఎవరో గుండె పట్టేసి లేచి కూర్చుంటున్నట్టు.

టార్చి వెలుగు కిందికి జారింది. తెల్లటి పెట్టె మీద, మీట కింది నుంచి, సన్నగా ఒక ధార దిగుతోంది.

ఎర్రగా.

శశికాంత్ వెనక్కి నడిచాడు. వీపుకి గోడ తగిలింది. కోటప్పకొండ దేవుణ్ణి తలుచుకుందామంటే నోట్లో నాలుక తిరగలేదట.

మరియమ్మ వంగింది. ఆ ఎరుపుని వేలితో తీసింది. వాసన చూసింది.

“పసుపు నాయనా,” అంది.

దసరాకి షావుకారు ఆయుధపూజ చేయించాడు. లారీలకీ, కాటాకీ, కంప్యూటరుకీ పసుపు, కుంకుమ. మీట సందుల నిండా ముద్ద పసుపు. దాని మీద నెలన్నర సున్నం దుమ్ము. మధ్యాహ్నం వీడు పెట్టిన తడిగుడ్డ. పసుపులో సున్నం కలిస్తే ఏ రంగొస్తుందో, దిష్టి నీళ్లు కలిపే ఆడవాళ్లకి ఒకరు చెప్పాలా? ఆ ముద్దే మీట లోపలికి దిగి దాన్ని నొక్కి పట్టేసింది. అందుకే తనంతట తను లేవడం, తనంతట తను ఆగడం. వైరస్‌కీ దానికీ సంబంధమే లేదు.

శశికాంత్ గట్టిగా ఊపిరి వదిలి నవ్వాడు. ఆమె నవ్వలేదు.

“ఇప్పుడు లేస్తదా?” అంది.

లేచింది. మీట నుంచి వచ్చే తీగ పీకేసి, లోపలి రెండు పిన్నుల్నీ స్క్రూడ్రైవరు మొనతో తాకించాడు. తెర వెలిగింది. జూన్ నెల ఫోల్డరు... ఆ తారీఖు... రాత్రి ఒంటి గంట తర్వాతవి.

మొదటి ఫోటో. ఒకటీ నలభై రెండు. పొడి సున్నం లోడుతో లారీ పలక మీద ఉంది. పైన కప్పిన పట్టా ఒక మూల గాలికి లేచిపోయింది. కింద, పలక అవతల నేల మీద ఏసయ్య, నడుం మీద చెయ్యి పెట్టుకుని దానివంకే చూస్తున్నాడు. బరువు — ఇరవై నాలుగు వేల మూడు వందల పది.

మరియమ్మ తెర మీద ఆయన భుజం దగ్గర వేలు పెట్టింది.

రెండోది. ఒకటీ నలభై ఆరు. ఏసయ్య లోడు మీద ఉన్నాడు. పట్టా తాడు చేతికి చుట్టుకుని లాగుతున్నాడు. కేబిన్‌లో డ్రైవరు మొహం మీద ఫోను వెలుగు. బరువు — ఇరవై నాలుగు వేల మూడు వందల డెబ్బై.

మూడోది. ఒకటీ నలభై ఏడు.

లోడు మీద ఎవరూ లేరు. కిందా ఎవరూ లేరు. పట్టా లేచిన మూల, సున్నంలో చిన్న గుంట.

“దిగేసినట్టున్నాడు పిన్నీ,” అన్నాడు శశికాంత్. “కెమెరాకి అవతలి వైపు...”

ఆమె తెర దగ్గరికి వంగింది. పదేళ్లుగా ఆ గది ఊడ్చిన మనిషి. చదువు రాకపోయినా ఆ అంకెలు ఎట్లా పెరుగుతాయో, ఎట్లా తగ్గుతాయో ఆమెకి తెలుసు. వేలు మెల్లగా ఫోటో కింది మూలకి జరిపింది.

ఇరవై నాలుగు వేల మూడు వందల డెబ్బై.

“తగ్గలా నాయనా,” అంది. “బండి మీదే ఉన్నాడు... సున్నంలో.”

నాలుగో ఫోటోలో లారీ లేదు. ఖాళీ పలక... దాని కింద సున్నా.

ఆ ఫోటోలన్నీ ఫోనులోకి తీసుకుని, తర్వాత స్టేషన్లో ఇచ్చాడు శశికాంత్. ఆ లోడు ఎక్కడ దించారో, ఏ గుంటలో తడిపారో, ఏ ఇళ్ల గోడలకి చేరిందో — ఆర్నెల్ల తర్వాత ఎవరు చెప్పగలరు?

తెల్లారింది. శుక్రవారం. క్రిస్మస్ దగ్గరికొచ్చిందని కూతురు కీర్తన, ఇంటికి వెల్ల వేయడానికి బుధవారం నాడే మట్టి కాగులో ఆ బట్టీల సున్నమే నానేసింది. ఆ పొద్దున ఆ ఇంట్లో ఎవరూ కుంచె ముట్టుకోలేదు. తల్లీ కూతురూ ఆ కాగు ముందు చానాసేపు కూర్చున్నారు. తర్వాత మరియమ్మ లేచి, దాని మీద తెల్ల పంచె కప్పి, పాస్టరు గారికి కబురు పెట్టింది.

ఎనిమిదింటికి సమాధుల తోటలో గుంట తవ్వారు. పాస్టరు గారు ప్రార్థన చేశాక, శశికాంతూ, పక్కింటి మనోజూ ఆ కాగుని మోసుకెళ్లి అందులోకి దించారు. కీర్తన మట్టి పోసింది. మరియమ్మ అప్పుడు ఏడ్చింది — ఆర్నెల్లకి.

వాడు ఇంటికొచ్చి స్నానం చేసి, దేవుడి ముందు కూర్చున్నాక నాతో ఒక్క మాట అన్నాడు.

“పెద్దమ్మా, ఆ సున్నం నానేసి రెండు రాత్రులైంది. ముసురు... చలి. అయినా మోస్తుంటే ఆ కాగు గోరువెచ్చగా ఉంది... మనిషి ఒళ్లులా.”