కల్వర్టు దగ్గర తెల్ల తలకాయ

విశాఖలో గోపాలపట్నం దాటి పెందుర్తి వైపు వెళ్తుంటే, రోడ్డు వంపు తిరిగే చోట ఒక కల్వర్టు ఉండేది. ఎనభై తొమ్మిది చివర్లో దానికి చెడ్డపేరొచ్చింది. చీకటి పడ్డాక అక్కడ మొండెం లేని తలకాయ ఒకటి గాల్లో నిలబడి, వచ్చేపోయే వాళ్లని మెడ తిప్పి మరీ చూస్తుందని... మొండెం లేనిదానికి మెడెక్కడిదని నేనూ అడిగాను.

నాలుగు నెలల కిందట అక్కడ లారీ గుద్ది చచ్చిపోయిన స్కూటరువాడి తల అది, అనేవాళ్లు.

చిక్కేమిటంటే — ఆ చచ్చిపోయినవాడు చావలేదు. పేరు వరహాలు, పోర్టులో క్రేను నడిపేవాడు. తలకి పదకొండు కుట్లు పడ్డాయి. ఎడమ చెవి పోయింది. పైకెక్కితే కళ్లు తిరుగుతున్నాయని క్రేను మీంచి దింపేశారు. అతని బావమరిది దాలయ్య నాకు చెప్పిన సంగతి ఇది. దాలయ్యకి అబద్ధమాడటం రాదు, పాపం.

వరహాలు నష్టపరిహారానికి కేసు వేశాడు. లారీ తరపు ఇన్సూరెన్సు వకీలు ఒక్కటే పట్టుకున్నాడు. కొత్త చట్టం ప్రకారం హెల్మెట్ పెట్టుకోవాలి, నువ్వు పెట్టుకోలేదు, తల పగలడంలో సగం తప్పు నీదే, కాబట్టి సగమే ఇస్తాం. పెట్టుకున్నాననీ, గుద్దినప్పుడు ఎగిరిపోయిందనీ వరహాలు మొత్తుకున్నాడు. ఒక రోజు సాయంత్రం అతని సొంత వకీలు గుమస్తా వచ్చి, రేపు పదింటికి వాయిదా, హెల్మెట్ తెస్తే సరేసరి, లేకపోతే సగానికి నీళ్లొదులుకో అని చెప్పి పోయాడు.

ఆ సగం పోతే ముగ్గురు పిల్లలు బడి మానాల్సిందే. వెతకడానికి మిగిలింది ఆ ఒక్క రాత్రే.

"రాత్రేల ఆ కల్వర్టు కాడికి నాను రాను బావా," అన్నాడు దాలయ్య.

"అది నా తలకాయేరా. నన్నేటి సేత్తది?"

దాలయ్య టార్చి తీసుకుని బయల్దేరాడు.

టార్చిలో బ్యాటరీలు నీరసంగా ఉన్నాయి. ఇద్దరూ రోడ్డు దిగి తుప్పల్లో వెతుకుతున్నారు. చలిగాలి. ఎక్కడా మనిషి అలికిడి లేదు...

టక్... టక్...

"బావా... ఏటది?"

వరహాలుకి ఒక చెవే. అది కూడా విన్నది.

అంతలో వంపు తిరిగి ఒక లారీ వచ్చింది. ఆ వెలుగులో — పాతిక గజాల దూరంలో, గాల్లో, తెల్లటి తలకాయ! నల్లటి గుడ్లు. నోటి నిండా పళ్లు. మెల్లగా... చాలా మెల్లగా... ఇటు తిరిగింది.

లారీ వెళ్లిపోయింది. చీకటి.

"నిన్నే సూత్తంది బావా..."

వరహాలు చెయ్యెత్తి, తన తల తనకుందో లేదో తడిమి చూసుకున్నాడు. నవ్వకండి, మీరైనా అదే చేస్తారు.

"ఎవుర్రా అది? నా వంకాయలు కోసేత్తన్నారు?"

లాంతరు పట్టుకుని ఒక ముసలమ్మ పాకలోంచి వచ్చింది. దేముడమ్మ, తుప్పల పక్కనున్న వంగతోట ఆవిడదే. లాంతరు వెలుగులో దెయ్యం కాస్తా బయటపడింది. వెదురుకర్ర, దానికో నల్లచొక్కా, పైన తెల్ల హెల్మెట్, దానికి మసిబొగ్గుతో గీసిన మొహం. అందరూ దిష్టిబొమ్మకి సున్నంబొట్ల కుండ బోర్లిస్తే, ఆవిడ హెల్మెట్ బోర్లించింది. గాలికి అది తిరుగుతోంది, దాని బకిల్ కర్రకి కొట్టుకుంటోంది.

"నాదే అవ్వా! నా హెల్మెట్టే!" వరహాలు ఏడ్చేశాడు. దాలయ్య కూడా ఏడ్చాడు. "రేపు కోర్టుకొచ్చి, ఇది ఇక్కడ దొరికిందని సెప్పవా అవ్వా?"

"ఎందుకు సెప్పను నాయినా! ఉన్నదున్నట్టు సెప్తాను. ఆ రాత్రి నిన్ను ఆసుపత్రికి అట్టుకెల్లిపోనాక, వంగమొక్కల మజ్జిన పడుంది. లోపల టేకాకులో కట్టిన రొయ్యలు. అరకేజీ ఉంతాయి. ఒక్కటి కింద పడితే ఒట్టు. పులుసెట్టీసినాను. మా బాగున్నాయి!"

ఆ ఏడు మా విశాఖలో హెల్మెట్లు తలలకంటే చేపల్నే ఎక్కువ కాపాడాయి. పోలీసు కనిపిస్తే నెత్తికి, లేకపోతే సంచీలా హ్యాండిల్‌కి.

బావ పెట్టుకునే ఉన్నాడని నాలుగు నెలలుగా ఊరందరి దగ్గరా ఒట్లు వేసిన దాలయ్య, మెల్లగా బావ వైపు తిరిగాడు.

వరహాలు ఆ చూపు తప్పించుకుని, హెల్మెట్‌ని మళ్లీ వెదురుకర్రకి తగిలించాడు. మొహం రోడ్డు వైపు ఉండేలా సరిచేశాడు.

"నాది కాదవ్వా," అన్నాడు. "దెయ్యానిదే."