కాగితాల్లేని ఆఫీసులో ముద్ర చప్పుడు

మా భిలాయ్‌లో, క్యాంప్ 2 దాటి పట్టాల వైపు పోతుంటే ఒక పాత సర్కారీ ఆఫీసు వస్తుంది. దాని వెనక గదికి మంచి పేరు లేదు. చీకటి పడితే ఆటోవాళ్లు సైతం ఆ గోడ పక్కనుంచి రారు. డీజిలు దండగైనా సెక్టర్ 2 చుట్టూ తిరిగి పోతారు.

ఎందుకంటే... చప్పుడు.

దబ్... దబ్... దబ్...

ఊళ్లోవాళ్ల పుట్టుకలూ చావులూ రాసిన రిజిస్టర్లన్నీ ఆ గదిలోవే. వాటిని చూసే గుమాస్తా దక్షిణామూర్తి బాబు మీద ఒకనాడు బీరువా ఫైళ్లతో సహా పడిందట. అక్కడికక్కడే పోయాడట. పోయాక కూడా రాత్రిళ్లు వచ్చి ముద్రలు వేస్తున్నాడట. బతికున్న రోజుల్లో ఒక్క ముద్రకి మూడు నెలలు తిప్పినవాడికి, చచ్చాక అంత పని ఎక్కణ్ణించి పుట్టుకొచ్చిందో ఎవరూ అడగలేదు.

రెండేళ్ల కిందట ఆ ఆఫీసుని కాగితాల్లేని ఆఫీసు చేశారు. రిబ్బన్ కత్తిరించారు, లడ్డూలు పంచారు. ‘ఇక తిరగక్కర్లేదు’ అని గుమ్మం మీద బోర్డు పెట్టారు. వెనక గదికి తాళం వేసి, ఆ తాళానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు.

చప్పుడు మొదలైంది ఆ నెలలోనే.

ఇక అప్పలకొండ సంగతికొస్తాను. స్టీల్ ప్లాంటు కోక్ ఓవెన్‌లో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరైన మనిషి. మనవరాలు మేఘనకి నర్సింగ్ కాలేజీలో సీటొచ్చింది. పుట్టిన సర్టిఫికెట్ ఇవ్వకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. నాలుగు నెలలుగా కంప్యూటర్‌లో ఎప్పుడు కొట్టినా ‘రికార్డు లేదు’ అని వస్తోంది. పిల్ల ఎదురుగా కూర్చుని అన్నం తింటోంది... సర్కారు లెక్కలో పుట్టనే లేదు.

ఆఫీసుకి వెళ్తే హెడ్ క్లర్కు, అదే బడాబాబు, అనిల్‌కుమార్ కుర్చీలోంచి లేవకుండానే, "అంతా ఆన్‌లైన్ దాదాజీ. కాగజ్ అనేదే లేదు ఇక్కడ" అన్నాడు.

"మరి ఆ పాత రిజిస్టరు చూపించు బాబూ. పేజీ నేనే ఎతుక్కుంటాను."

"ఆ గదిలోకా?" అనిల్‌కుమార్ గొంతు తగ్గించాడు. "మా ప్యూనే వెళ్లడు."

అప్పలకొండ సమాచార హక్కు కింద అర్జీ పెట్టాడు. సరిగ్గా ముప్పయ్యో రోజున జవాబొచ్చింది: ‘భద్రతా కారణాల వల్ల రిజిస్టరు చూపించుటకు వీలు లేదు.’ దెయ్యం అని రాయడానికి ఫారంలో గడి లేదు కాబోలు, భద్రత అని సరిపెట్టారు.

మర్నాటితో కాలేజీ గడువు ఆఖరు.

ఆ రాత్రి ఎనిమిదిన్నరకి టార్చి పట్టుకుని లేచాడు. మేఘన చెయ్యి పట్టుకుంది. "తాతా... మత్ జావో, వెళ్లొద్దు."

"బతికున్నోళ్లని అడిగి చూసేను గదమ్మా. ఇంక ఆ చచ్చినోణ్ణే అడుగుతాను."

అన్నాడు గానీ, గోడ దగ్గరికి వచ్చేసరికి ఆగి టార్చి చుట్టూ తిప్పాడు. వీధి దీపం లేదు. గాలి లేదు. కుక్క కూడా లేదు...

దబ్... దబ్... దబ్...

టార్చి ఆర్పేసి గోడకి అతుక్కుపోయాడు. అయితే ముప్పై నాలుగేళ్లు మిషన్ల చప్పుళ్లు విన్న చెవి కదా, ఆయనకి తెలీకుండానే లెక్కపెట్టసాగింది. మూడు దెబ్బలు — కాస్త ఆగడం. మూడు దెబ్బలు — కాస్త ఆగడం. షిఫ్టులో ఉన్న మనిషి చెయ్యిలాగ.

సరిగ్గా తొమ్మిదికి చప్పుడు ఆగిపోయింది.

నిశ్శబ్దం... ఆ తర్వాత గాజు గ్లాసులు తగిలిన చప్పుడు. సన్నగా అల్లం వాసన.

అప్పలకొండకి భయం పోయి ఒళ్లు మండింది. దెయ్యానికి టీ బ్రేకేటి?

చుట్టూ తిరిగి పెరటి తలుపు తోశాడు. కిర్రుమని తెరుచుకుంది.

నిచ్చెన మీద తెల్లటి ఆకారం... ముఖం లేదు, కళ్లొక్కటే మెరుస్తున్నాయి...

ఆకారం తుమ్మింది.

దుమ్ముకి ముఖం చుట్టూ కట్టుకున్న దుపట్టా లాగేసుకుంటే — పగలు ఆఫీసు కంప్యూటర్ దగ్గర కూర్చునే ఛాయ. కింద నడుములోతు కాగితాల గుట్టల మధ్య అనిల్‌కుమార్, ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చేతిలో రబ్బరు ముద్ర.

"ఏటి బాబూ ఇది?"

"ధీరే... ధీరే దాదాజీ" అని అనిల్‌కుమార్ గుసగుసగా మొదలెట్టాడు.

పగలంతా ఆన్‌లైన్‌లో వచ్చిన అర్జీలన్నీ రాత్రి ప్రింటు తీస్తారట. ఒక్కోటి మూడు ప్రతులు. మూడింటి మీదా ముద్రలు. పెద్దసాబ్ సంతకం అయ్యాక మళ్లీ స్కాన్ చేసి కంప్యూటర్‌లోకే ఎక్కిస్తారట.

"ముద్ర లేని కాగితం మీద సాబ్ పెన్ను కదలదు. పగలు కాగితం కనిపిస్తే ఇన్‌స్పెక్షన్‌వాళ్లు ఊరుకోరు. ఏం చెయ్యమంటారు?"

"మరి దెయ్యం?"

"ఆ మాట మేమే పుట్టించాం అంకుల్" అంది ఛాయ. "లేకపోతే రోజూ ఎవరో ఒకరు రిజిస్టరు చూపించమని వస్తారు కదా."

"దక్షిణామూర్తి బాబు చచ్చిపోలేదా?"

"చావడమేంటి? రిటైరై పక్కూరు కుమ్హారిలో ఉన్నారు" అన్నాడు అనిల్‌కుమార్.

అప్పలకొండ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "మా గుంట మేఘన పేజీ తియ్యండి. లేదంటే రేపు క్యాంపు క్యాంపంతా తోలుకొస్తాను, టీ తాగే దెయ్యాల్ని చూద్దురని."

నాలుగు నెలలుగా లేని పేజీ నాలుగు నిమిషాల్లో దొరికింది. ఛాయ నకలు తీసింది. అనిల్‌కుమార్ ముద్ర వేశాడు. దబ్. ఇంతే పని. దీనికి ఒక బోర్డు, ఒక రిబ్బను, ఒక దెయ్యం.

ముగ్గురూ కలిసే బయటికొచ్చారు. ఛాయ దీపం ఆర్పి, పెరటి తలుపుకి తాళం వేసి, ముందు తలుపు మీది నిమ్మకాయ సరిచేసింది. అనిల్‌కుమార్ ముద్రని సంచిలో పడేసుకున్నాడు. అప్పలకొండ నకలు జేబులో భద్రంగా పెట్టుకుని, నవ్వుకుంటూ గేటు దాకా వచ్చాడు.

దబ్...

ఆగాడు. అనిల్‌కుమార్ ఇక్కడే ఉన్నాడు. ఛాయ ఇక్కడే ఉంది. సంచిలో ముద్ర సంచిలోనే ఉంది.

దబ్... దబ్...

"కుమ్హారిలో ఉన్నాడన్నారు..." అప్పలకొండ ఛాయ వైపు తిరిగాడు.

ఛాయ వెనక్కి చూడలేదు. అడుగు మాత్రం పెంచింది.

"రికార్డులో బతికే ఉన్నారు అంకుల్. చావు సర్టిఫికెట్‌కి ఇంకా ఎవరూ ఆన్‌లైన్‌లో అప్లై చెయ్యలేదు."