కళింగరేవులో మంచు విడిన ఉదయం

"తూర్పు మూల పలచబడింది. ఆవిరి పెంచు," అన్నాడు పై అధికారి త్రినాథరావు, మేడ మీది మీటల గది కిటికీలోంచి చూస్తూ.

నూకరత్నం మీటను కొంచెం ముందుకు తోసింది. రేవు గోడ పొడవునా నిలబడ్డ మంచుగోపురాలు తెల్లగా పొగలు కక్కాయి. చూస్తుండగానే క్రేన్లు, కొండ, ఒడ్డున చేపల బేరాలాడుతున్న జనం మాయమయ్యారు.

ఓడలు శత్రువు కంటపడకుండా ఈ మంచుతెర అని ఉద్యోగంలో చేరినప్పుడు చెప్పారు. ఓడల్లో వచ్చేవి పాడైన యుద్ధయంత్రాలట. సరిహద్దులో పోరాడేది యంత్రాలేననీ, వాటిని నడిపే దూరసారథులు భద్రమైన గదుల్లో ఉంటారనీ కూడళ్ళలో వార్తాఫలకాలు రోజూ చెప్పేవి. పిల్లలు సైతం 'నెత్తురులేని యుద్ధం' అని పాఠం చదివేవారు. నూకరత్నం కూడా నమ్మింది. తను వేసే తెర ఎక్కడా చిరగదని ఆమెకు కాస్త గర్వం కూడాను.

ఆ ఉదయం ఓడ వైర్‌లెస్‌లో కొత్త గొంతు వినిపించింది.

"ఇది కళింగరేవేనామ్మా?"

"అవును. మీరెవరు? ఓడ నడిపే సరంగు ఏడీ?"

"పైకెళ్ళాడు. నా పేరు పోలినాయుడండి. దూరసారథిని. మా ఇల్లు కొండ మీదే. ఒక్కసారి ఈ మంచు తీస్తారేటి? ఇక్కణ్ణించి మమ్మల్ని ఏదో దీవికి పంపేస్తారట. మళ్ళీ రానివ్వరట."

"దూరసారథులు గదుల్లో కదా ఉండేది?"

"గదులేనమ్మా. యంత్రం కడుపులో గది. అది కాలితే మేమూ కాలతాం. నాకు కాళ్ళు లేవు. పక్కవాడికి చూపు లేదు. ఓడ నిండా మేమే."

నూకరత్నం వెనక్కి తిరిగింది. త్రినాథరావు నేల చూపులు చూస్తున్నాడు.

"మీకు తెలుసా సార్?"

"తెలుసు. ఆ లైను కట్టేసి పని చూడు."

కేక వేస్తే వినిపించేంత దూరంలో ఊరుంది. ఇన్నాళ్ళూ ఊరికీ వీళ్ళకీ మధ్య అడ్డం నిలబడింది తనే. ఆవిరి మీటను పూర్తిగా వెనక్కి లాగింది. తుఫానులో తప్ప ముట్టుకోకూడని, మంచును చెదరగొట్టే వేడిగాలి మీటను కిందకి దించింది.

"ఏం చేస్తున్నావో తెలుస్తోందా? శత్రువు చూస్తాడు."

"చూడనివ్వండి. మనవాళ్ళు కూడా చూస్తారు."

అతను మీట అందుకోబోయాడు. ఆమె అడ్డంగా నిలబడింది. అప్పుడే వైర్‌లెస్ పలికింది.

"కనబడతంది," అన్నాడు పోలినాయుడు. "నీలం గోడ. మా అమ్మ మళ్ళీ నీలమే వేయించింది."

త్రినాథరావు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ముఖం ఒకసారి తుడుచుకున్నాడు.

"పడమటి గోపురాలు ఇంకా మంచు పోస్తున్నాయి," అన్నాడు మెల్లగా. "వాటిని ఆపాలంటే నా వేలిముద్ర కావాలి." వెళ్ళి పలక మీద బొటనవేలు ఆనించాడు.

రేవంతా ఎండ పరుచుకుంది. ఓడ డెక్కు మీద వరసలు వరసలుగా కట్లు కట్టిన మనుషులు ఎండకు కళ్ళు చిట్లించి ఊరిని చూస్తున్నారు. ఒడ్డున బేరాలు ఆగిపోయాయి. ఒక చేపలావిడ తట్ట దించి, చేతులు చీరకు తుడుచుకుని తిన్నగా గేటు దగ్గరికి నడిచింది. కాపలావాడు ఆమెను ఆపబోయి, తలతిప్పి ఓడవైపు చూశాడు. అతనికీ అది కొత్తే. తుపాకీ గోడకు ఆనించి గేటు తీశాడు. వెనకాల జనం వెల్లువెత్తారు. కొందరు ఆగలేక పడవలు తోసుకుని ఓడకే ఎదురెళ్ళారు. ఓడ మీంచి ఒకడు తన పేరూ వీధీ గట్టిగా చెప్పాడు. ఇంకొకడు అందుకున్నాడు. ఆ పేర్లు పడవల మీంచి ఒడ్డుకీ, ఒడ్డు నుంచి వీధుల్లోకీ పాకిపోయాయి.

గదిలో ఫోను మోగింది. రాజధాని నుంచి.

"తెర మళ్ళీ వెయ్యండి. వెంటనే."

"వెయ్యడానికి మనుషుల్లేరండి," అంది నూకరత్నం. "అందరూ వాళ్ళని మోసుకురావడానికి పోయారు. నేనూ పోతున్నాను."

ఫోను పెట్టేసి, మెట్ల మీద పరుగులాంటి నడకతో కిందకి దిగింది.