గులకపొర కింది నేల

ఆ ఉదయం వంటింటి పక్కనున్న బల్ల చుట్టూ ఐదుగురు ఉన్నారు. తలవైపు కుర్చీలో పెద్దాయన. ముప్ఫైనాలుగేళ్లు నేలల సర్వే శాఖలో మట్టిని పరీక్షించి, దానికి తరగతి నిర్ణయించి, పదవీ విరమణ చేసినవారు. ఆయన కుడిచేతివైపు అల్లుడు. ఇటుకల బట్టీ యజమాని. ఎడమచేతివైపు కొడుకు, బస్సు డ్రైవరు. అల్లుడు వచ్చిన రోజున కొడుకు కుడివైపు కుర్చీ ఖాళీ చేయడం ఆ ఇంటి మర్యాద. కొడుకు పక్కన పెద్దావిడ. చివరగా కోడలు, ఒక మొక్కల నర్సరీలో అంట్లు కట్టే పని చేస్తుంది. కుర్చీ ఉన్నా ఆమె కూర్చోలేదు, గుమ్మానికి ఆనుకొని నిలబడింది.

ఎండిపోయిన ఏటి ఒడ్డున వారికి మూడెకరాల నేల ఉంది. వాన తక్కువగా పడే ఆ ప్రాంతంలో పాతకాలపు వరదలు తెచ్చి పరిచిన ఒండ్రు నేల అది. రంగు లేత గోధుమ. పొడిగా ఉన్నప్పుడు పిండిలా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. ఒక్క జల్లు కురిసి ఎండ కాసిందంటే పైన పెంకు కడుతుంది. లేత మొలక ఆ పెంకును పగలగొట్టలేక లోపలే వంగిపోతుంది. సున్నం ఎక్కువ, ఆకులు కుళ్లిన సారం తక్కువ. అందువల్ల ఆ నేల ఏళ్ల తరబడి బీడుగానే ఉంది.

"మామయ్యగారూ, మీ మట్టి ఎలాంటిదో మీకు నేను చెప్పేంతవాణ్ణి కాదు" అన్నాడు అల్లుడు, మట్టి అమ్మకపు ఒప్పందం కాగితం బల్లమీద పరుస్తూ. "అచ్చులో వేస్తే అంచు విరగదు, కాలిస్తే పగలదు. నడుము లోతు తవ్వుకుంటాను. తర్వాత అడుగంతా చదును చేసి మీకు అప్పగిస్తాను. సరేనంటే రేపే యంత్రం దింపుతా."

"అంత లోతున చదును చేసి మేమేం చేసుకోవాలి నాయనా? ఈత కొట్టాలా?" అంది పెద్దావిడ.

"ఏటిలోనే నీళ్లు లేవు, ఇంక ఈతెక్కడ అత్తయ్యా!"

అందరూ నవ్వారు, కోడలు తప్ప. పెరట్లో నల్ల సంచుల్లో నాలుగు వందల దానిమ్మ అంట్లు ఉన్నాయి. రెండేళ్లుగా ఆమె పని నుంచి వచ్చాక పెంచినవి. వాటి వేళ్లు సంచి అడుగుకు చేరి గుండ్రంగా చుట్టుకుంటున్నాయి. ఈ వానలకు నేలలో పడకపోతే అవి ఇక చెట్లు కావని ఆమెకు తెలుసు. పెట్టడానికి ఈ ఇంటికి మరో నేల లేదు.

పెద్దాయన కలం మూత తీశారు.

"మామయ్యా, ఒక్క మాట చెప్పొచ్చా?"

"చెప్పమ్మా. కాని ఆ నేలమీద నేను రాసిన నివేదికలో లేనిది చెప్పకు."

"లేనిదే చెప్తాను. ఉన్నది మీరెలాగూ చెప్తారుగా."

కొడుకుకు టీ పొలమారింది. పెద్దావిడ అతడి వీపు నిమురుతూ నవ్వు దాచుకుంది.

"ఆ నేల తోటలకు పనికిరాదు" అన్నారు పెద్దాయన, కార్యాలయంలో మాట్లాడినట్లే ఒక్కొక్క మాటనూ నిలబెట్టి. "రెండు మూరల లోతున గులకరాళ్లు. అంతకన్నా కిందికి వేరు దిగదు. నేనే స్వయంగా మట్టిని తొలిచే బరమా దించి పరీక్షించి రాశాను."

"గులక ఉంది మామయ్యా. కాని జానెడే ఉంది."

పెద్దాయన కలం బల్లమీద పెట్టేశారు.

"అంటే నేను తప్పు రాశానంటావు?"

"మీ బరమా గులక తగలగానే ఆగిపోయిందంటున్నాను. నేను గొయ్యి తవ్వాను. తొమ్మిది రోజులు, పనికి వెళ్లే ముందు. నా ఎత్తు దాటింది."

"తొమ్మిది రోజులా! పొద్దున్నే నడకకు వెళ్తున్నానన్నావ్ కదే!" అన్నాడు కొడుకు.

"అక్కడిదాకా నడిచే వెళ్లాను."

పెద్దాయన ముఖం ఎర్రబడింది. "ఆ నివేదిక నువ్వు పుట్టకముందు రాసింది. మూడు స్థాయుల అధికారులు ఆమోదించారు. దానిమీద ఈ రోజుదాకా ఒక్క అభ్యంతరం రాలేదు."

"అందుకే కదా మామయ్యా, నేను పుట్టాక కూడా ఒకసారి చూద్దామంటున్నాను. వేసవి అంతా ఆ బీట్లో ముళ్లపొద ఒక్కటే పచ్చగా ఉంటుంది. ఎవరూ నీళ్లు పొయ్యరు. అదేం తాగి బతుకుతోందో చూడాలనిపించింది. చూశాను. మీరొచ్చి చూసి కాదంటే, సంతకం పెట్టడానికి కలం నేనే అందిస్తాను."

పెద్దాయన గోడవైపు చూశారు. అల్లుడే ముందుగా లేచాడు. "పదండి మామయ్యగారూ. బండి బయటే ఉంది. నేను కొనే మట్టి నేనూ చూడొద్దా?"

ఐదుగురూ ఏటి ఒడ్డుకు చేరారు. గొయ్యి చతురస్రంగా, గోడలు నిటారుగా ఉన్నాయి. ఒకవైపు దిగడానికి మెట్లు చెక్కి ఉన్నాయి. పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకొని చాలాసేపు గట్టుమీదనే నిలబడ్డారు. ఆ తర్వాత చెప్పులు విడిచి, కోడలు అందించిన చేయి పట్టుకోకుండా, ఒక్కొక్క మెట్టే దిగారు.

లోపలికి దిగాక ఆయన కోపధారి మామగారు కారు, పనిమంతుడు. కోడలి దగ్గర కత్తి అడిగి తీసుకొని, గోడను పైనుంచి కిందికి సన్నగా గీశారు. పైన వేలి మందాన పెంకు. దాని కింద లేత మట్టి, సన్నని రంధ్రాలతో. రెండు మూరల దగ్గర గులకపొర. ఒకే ఒక్క పెద్ద వరద తెచ్చి వదిలిన నున్నటి రాళ్లు, మందం జానెడు. దాని కింద మళ్లీ మెత్తని ఒండ్రు, పైదానికన్నా ముదురు రంగులో, గొయ్యి అడుగుదాకా. మధ్య మధ్య దారపుపోగుల్లా తెల్లని సున్నపు గీతలు. గులకల సందుల్లోంచి ముళ్లపొద వేరు, బొటనవేలంత లావున, నేరుగా కిందికి దిగి ఉంది.

ఆయన అడుగునుంచి కొంచెం మట్టి తీసి గుప్పిట పట్టారు. నడివేసవిలో కూడా అది ముద్ద కట్టింది. కాసిని నీళ్లు చిలకరించి బొటనవేలితో, చూపుడువేలితో నొక్కుతూ రిబ్బనులా సాగదీశారు. అది రెండు అంగుళాలు సాగి అప్పుడు తెగింది. మరోసారి చేశారు. మరో మూలనుంచి తీసి మళ్లీ చేశారు. ఆపైన గొయ్యి అడుగునే చతికిలబడ్డారు.

"మామయ్యా, ఒంట్లో బాగాలేదా?"

"నీళ్లు పట్టుకునే మట్టి ఇది" అన్నారు ఆయన మెల్లగా. "నేను రెండు మూరల దగ్గర ఆగిపోయాను."

గట్టుమీదనుంచి పెద్దావిడ వంగి చూసింది. "ఏమండీ, ఎందుకు ఆగారో కూడా చెప్పెయ్యండి. పిల్లలు పెద్దవాళ్లయ్యారు."

ఆయన తల ఎత్తలేదు. "ఆ ఏడాది సర్వే చేసిన నేలల్లో మంచి తరగతి వచ్చిన వాటికే నీటి గొట్టం వేస్తామన్నారు. జాబితాలో మన నేల కూడా ఉంది. మంచి తరగతి ఇస్తే సొంత పొలానికి నీళ్లు రాసుకున్నాడంటారని భయపడ్డాను. అందరి పొలాల్లోనూ గోతులు తవ్వించాను. మన పొలంలో ఒక్కచోట బరమా దించాను. రాయి తగలగానే..." ఆయన చేతిలోని మట్టిని నలిపారు. "రాయి తగలగానే నాకు ఊరట కలిగింది. ఇంక కిందికి చూడలేదు. నిజాయితీ అనుకున్నాను. పరీక్ష చేయకుండా రాయడం నిజాయితీ ఎలా అవుతుంది?"

అప్పుడు తల ఎత్తి కొడుకువైపు చూసి అన్నారు: "నీకు ఒక తోట లేకుండా చేశాను, నాన్నా."

"నాకు తోటేమిటి నాన్నా! నాకు బస్సే బాగుంటుంది. ఎద్దుకు బ్రేకులుండవు" అన్నాడు కొడుకు. నవ్వించాలనే అన్నాడు గాని, అతడి కళ్లు కూడా తడిశాయి. అతడు గోతిలోకి దిగి తండ్రి పక్కనే మట్టిలో కూర్చున్నాడు.

అల్లుడు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "సరే, నా యంత్రానికి ఇంకో చోటు చూసుకుంటాను. పోనీ చెల్లెమ్మా, ఈ గట్టుమీది మట్టికుప్పయినా నాకు ఇస్తావా?"

"గొయ్యి పూడ్చడానికి కావాలి అన్నయ్యా."

"అబ్బ, గుప్పెడు కూడా వదలదు!"

పెద్దాయన లేచి పంచె దులుపుకున్నారు. "ఈ నేలకు ఒకేసారి నీళ్లు పెట్టకూడదు, అమ్మాయ్. ముంచితే అడుగున ఉన్న ఉప్పు పైకి వస్తుంది. పైన పెంకు కట్టకుండా ఎండుగడ్డి కప్పాలి. మొక్క పెట్టే ప్రతి గోతిలోనూ గులకపొరను గునపంతో ఛేదించాలి."

"బొట్టు బొట్టుగానే పోస్తాను మామయ్యా. గడ్డి ఇప్పటికే అడిగి ఉంచాను. గునపం మాత్రం బరువు."

"గునపానికి వీడున్నాడు" అన్నారు, కొడుకు భుజంమీద చేయి వేసి. ఈసారి మెట్లు ఎక్కేటప్పుడు కోడలు చేయి అందించేదాకా ఆగారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన తమ పూర్వ కార్యాలయానికి ఒక లేఖ రాశారు. రాయడానికి గంటన్నర పట్టింది. అది నలుగురి ఎదుటా, ముఖ్యంగా కోడలి ఎదుట, చదవాలన్నారు. అందరూ కూర్చున్నాక, తాను మాత్రం లేచి నిలబడి చదివారు:

"ఏటి ఒడ్డునగల మా కుటుంబపు మూడెకరాల నేలను తోటలకు అనర్హమని నేను నిర్ణయించిన తరగతి తప్పు. ఆ నిర్ణయానికి తగిన పరీక్ష నేను జరపలేదు. ఇందుకు పూర్తి బాధ్యత నాది. ఆ నేలలో తొమ్మిది ఉదయాలు తానొక్కతే గొయ్యి తవ్వి, గులకపొర కింద లోతైన, తేమను నిలుపుకొనే ఒండ్రు ఉన్నదని కనుగొని, నా తప్పును నా ముఖంమీదనే, మర్యాద తప్పకుండా తెలియజేసినది నా కోడలు. సవరించిన నివేదికలో పరీక్షించినవారి స్థానంలో ఆమె పేరు నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను. నా ఉద్యోగ జీవితంలో ఇంతకన్నా శ్రద్ధగా తవ్విన గొయ్యిని నేను చూడలేదని ఇందుమూలంగా ధ్రువీకరిస్తూ, ఆమెకు నా కృతజ్ఞతలు తెలుపుకొంటున్నాను."